సున్నా

నెలకోసారి హెడ్డు దానయ్య వస్తాడు.
పాలకేంద్రం గోడకు వేలాడే బీటు పుస్తకంలో
సంతకం పెట్టి, టీ తాగుతూ అడుగుతాడు:
"ఏమ్మా మస్తానమ్మా, ఊళ్ళో ఏమన్నా ఉందా?"
"ఏముంటుందండీ" అంటాను.
సున్నా చుడతాడు. గుండ్రంగా, ఓపిగ్గా.

మాఘంలో కల్లాల మీద మిరపకాయ ఎండేటప్పుడు
ఒక రాత్రి రెండు టిక్కీలు లేచాయి.
ఎత్తుకుపోయేవాడు ఘాటుకి తుమ్మాడు.
వరసగా ఏడు తుమ్ములు.
ఏడోది ఈలలా సాగేసరికి
పరదాల కింద కాపలా పడుకున్నవాళ్ళందరికీ
ఎవడో తెలిసిపోయింది.
ఎవరూ పేరెత్తలేదు.
తెల్లారి దానయ్యతో
"గుంటూరు నుంచి ఏదో ఆటో వచ్చిందండీ" అన్నారు.
పొద్దుగూకాక చూస్తే టిక్కీలు కల్లంలోనే ఉన్నాయి,
ఒకటి కాస్త వదులుగా.

పోయినేడు సెంటర్లో కెమెరా పెట్టారు.
అది చూసేది కొళాయిని, పడుకున్న కుక్కని,
సిమెంటు బల్ల మీద పులీ-మేకా ఆడేవాళ్ళని.

తుమ్ముకి లేచి కూర్చున్న ఊరే
పేరయ్య ఇంట్లోంచి అరుపులొస్తే
అటు తిరిగి పడుకుంటుంది.
నేనూ తిరిగాను.
పొద్దున సుగుణ పాలు పోయడానికొస్తే
మిషను మీద అంకె వంకే చూశాను,
ఆమె మోచేతి వంక కాదు.
"వెన్న ఆరున్నర" అన్నాను.

ఈసారి దానయ్య పెన్ను తీసినప్పుడు
నా నోట్లో ఒక మాట ఉంది.
"టీ చల్లారిపోతోందండీ" అన్నాను.

నిన్న పట్నంబజారులో తాళం కొన్నాను, నూట ఎనభై.
తాళంచెవి చూరులో పెడతాను.
ఎక్కడ పెడతానో ఊరందరికీ తెలుసు.