కొట్టేసిన మాట

ఆ పొద్దున సిరాబుడ్డి గడ్డకట్టింది.
చంకలో పెట్టుకుని కరిగిస్తూ
లింకన్‌షైర్ బురదదారిలో మైలున్నర నడిచి
చక్రాల వడ్రంగి అంబ్రోజ్ థిర్కెల్
మంచం పక్కన కూర్చున్నాను.
బడిపంతుల్ని నేను.
పోయేముందు మా ఊరివాళ్ళకి నా దస్తూరీ గుర్తొస్తుంది.
కాగితానికి రెండు షిల్లింగులు,
చలికాలమైతే ఓ గిన్నెడు వేడి బీరు.

మొదట మామూలు మాటలే రాశాను:
ఒంట్లో ఓపిక లేదు, బుద్ధి నిలకడగానే ఉంది,
ఆత్మ దేవుడికి, దేహం మట్టికి.
"దేవుడి సంగతి నీకు తెలిసినట్టు రాయి,
కలప సంగతి నేను చెప్పినట్టు రాయి" అన్నాడు.

కొట్టం, సానరాయి, బాడిశలు, ఉలులు
పెద్దవాడు జేబెజ్‌కి.
చూరు కింద పేర్చిన ఓక్ ఆకులు, యాష్ పూటీలు వాడివే.
ఎల్మ్ దుంగలు మాత్రం,
చక్రాల కుండలకి పనికొచ్చే ఆ తొమ్మిదీ,
నిరుడు కొట్టినవి.
ఇంకో ఏడేళ్ళు వాటి జోలికి పోకూడదు.

"అదీ రాయాలా?"
"వాడికి తొందరెక్కువ.
పచ్చి కుండలో ఆకు నిలవదు.
కాగితం మీద ఉంటే ఆగుతాడు."

చిన్నవాడు ఎఫ్రయిమ్‌కి ఆరు పౌండ్లు,
జీనులు కుట్టే పని నేర్పే యజమానికి కట్టడానికి.
కెజియాకి ఎర్రావు,
అన్న దగ్గర్నుంచి ఏటా నలభై షిల్లింగులు,
సెప్టెంబరు చివర, మైకేల్ పండగనాడు,
చర్చి వాకిట్లో, నలుగురూ చూస్తుండగా.
"ఇంట్లో ఇస్తే ముప్పై అయిదౌతాయి"
కళ్ళు మూసుకునే అన్నాడు.
తలుపు దగ్గర జేబెజ్ గొంతు సవరించుకున్నాడు.

తర్వాత థామసిన్.
పొయ్యి ఉన్న గది.
గదిలోంచి బావికి నడిచే దారి;
ఆ తలుపుకి ఎవరూ తాళం వెయ్యకూడదు.
ఏటా రెండు బళ్ళ కట్టెలు,
వాకిట్లో గుమ్మరించి పోవడం కాదు,
చీల్చి, లోపల పేర్చి.
ఉత్తరం గోడవారి ఆపిల్ చెట్టు కాపులో సగం.
సగమంటే రాలినవి కాదు, కోసినవి.

అలవాటు కొద్దీ నా కలం ఒక్కడుగు ముందుకేసింది:
'ఆమె నా విధవగా ఉన్నంత కాలం మాత్రమే.'
ముప్పై వీలునామాల్లో రాసి చెయ్యి తిరిగిన మాట.
చదివి వినిపించాను.

"ఆ మాట నేనన్నానా?"
"అందరూ అంటారు."
చాలాసేపు దగ్గాడు.
"ఇరవై ఆరేళ్ళు
ఎర్రగా కాలిన ఇనప పట్టీ నేను బిగిస్తుంటే
నీళ్ళు పోసింది ఆవిడ.
ఒక్క చిటికె ముందు పోస్తే పట్టీ పగిలేది,
వెనక పోస్తే చెక్క మండేది.
గది ఆవిడది. పక్కన ఎవరుంటే నాకేం?
కొట్టెయ్."

కొట్టేశాను.
సిరా ఎక్కువై ఆ గీత
చిత్తడి నేల జలగలా ఉబ్బింది.

సాపు రాసి ముందు పెట్టాను.
సంతకం రాదు.
గుండ్రం గీసి లోపల ఆకులు గీయబోయాడు.
నాలుగు పడ్డాయి. అయిదోది
గుండ్రం దాటి కాగితం అంచుదాకా పోయింది.

గురువారం పోయాడు.

జేబెజ్ ఇస్తూనే ఉన్నాడు,
చర్చి వాకిట్లో, నాణెం నాణెం పైకి లెక్కపెట్టి,
అవసరమైనదానికంటే గట్టిగా.
ఎర్రావు రెండుసార్లు ఈనింది.
ఎల్మ్ దుంగల మీద నాచు పట్టింది,
ఎవరి పిల్లో అక్కడ పిల్లల్ని పెట్టింది.

థామసిన్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.
చేసుకోనని కూడా అనలేదు.

సాపు ప్రతి బిషప్ కచేరీకి పోయింది,
చిత్తు నా పెట్టెలో ఉంది.
ఏడాదికోసారి బడి వదిలే వేళకి వచ్చి
అది తియ్యమంటుంది.
ఒక్క అక్షరం రాదు ఆమెకి.
వరసల మీద నెమ్మదిగా వేలు జరుపుకుంటూ వచ్చి
ఆ నల్లటి ఉబ్బు తగలగానే ఆగి
"ఇక్కడే కదా పంతులుగారూ" అంటుంది.
ఇక్కడే అంటాను.