గాలికి అడ్డు

మా అట్టముక్కల ఆసుపత్రిలో
కాగితం మనుషులందరూ నిలబడే ఉన్నారు.
యాభయ్యో వంతు మనుషులు.
మూడు రాత్రులు కూర్చుని బ్లేడుతో కోశాను వాళ్లని,
బొటనవేలు తెగి ఒకడి చొక్కాకి ఎరుపంటింది.

షిరే నది ఒడ్డు ఆసుపత్రిలో
మంచం రోగికి మాత్రమే.
తోడొచ్చిన తల్లికి, చెల్లికి, వండిపెట్టే పిన్నికి
వరండా చివర నేల, మూడు రాళ్ల పొయ్యి,
వానొస్తే గోడకి కరుచుకున్న వీపు.
వాళ్లకో నీడ కట్టాలని
బ్లాంటైర్ నుంచి ఐదుగురం వచ్చాం,
మూడో ఏడు విద్యార్థులం, జీతం లేని పనికి,
అరువు టేపు, రెండు గొడుగులు,
ఎగరబోయే కొంగలాంటి పైకప్పు బొమ్మతో.

ఆ పైకప్పంటే నాకు ప్రాణం.

ఎనెలెసీ అవ్వ వంగి చూసింది.
కూతురి కాలి కోసం పదకొండు వారాలుగా
ఆ వరండాలోనే ఆమె కాపురం.
కొంగని కుండమూతలా ఎత్తి పక్కన పెట్టింది.
ఒక కాగితం ఆడమనిషిని గోటితో పెళ్లగించి
నేలమీద పడుకోబెట్టింది.
"ఇప్పుడు చూడు బాబూ, ఎంత చోటు తింటుందో."

తర్వాత చితేంజె ముడి విప్పి
మొక్కజొన్న గింజలు పోసింది.
సోమవారం ఇంతమంది.
వానలు పడి మలేరియా మొదలైతే, ఇదిగో, ఇంతమంది.
గింజలు మా హాలు నిండి, నడవా నిండి,
మేం గర్వంగా ఖాళీ వదిలిన చోటంతా నిండి
బల్ల అంచు మీంచి జారాయి.
కోడి ఒకటి వచ్చి నలుగురు చుట్టాల్ని మింగేసింది.
అందరం నవ్వాం.

నవ్వు ఆగాక
అప్పటిదాకా నోరు మెదపని ఫిలేసి
నెత్తిమీది బకెట్ దించి అడిగింది:
"రాత్రిపూట కబురొస్తే ఎక్కడ ఏడవాలి?
పక్కన వందమంది నిద్రపోతుంటారు కదా.
తెల్లారితే వాళ్లలో ఒకరి బిడ్డకి ఆపరేషన్,
ఒకరి చెల్లికి కానుపు.
నా ఏడుపు వాళ్లకెందుకు?"
పోయినేడు తను నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లిందట,
బురదలో, కప్పల మధ్య కూర్చుందట.

వోంగానీ ఏదో రాసుకోబోయి
పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆ రాత్రే కొంగ రెక్కలు కత్తిరించాం.
రెక్కల ఖర్చు పదహారు పొయ్యిలకి, పొగగొట్టాలకి,
పడుకునే అరుగులకి సరిపోయింది.
మిగిలిన ఇటుకల్తో, హాలుకి ఇరవై మీటర్ల అవతల,
ఒంటిగోడ ఒకటి. దాని మొదట్లో చిన్న అరుగు.
పైన ఏమీ లేదు.
డబ్బిచ్చేవాళ్లు ఉత్తరం రాశారు: ఈ గోడ దేనికి?
గాలికి అడ్డు, అని రాశాం.
మేస్త్రీ కలిలోంబె కాగితం చూసి
"ఆ వైపు నుంచి గాలి రాదే" అన్నాడు.
అని, మారు మాట్లాడకుండా
తాడు లాగి పునాదికి ముగ్గు పోశాడు.

కట్టాం. అన్నీ కుదరలేదు.
తూర్పు మూల కారుతుంది. తప్పు నాదే,
నీళ్లగొట్టం వాలు తిరగేసి గీశాను.
కింద ఎవరో ఒకరు బకెట్ పెట్టే ఉంచుతారు,
ఆ నీళ్లతో గిన్నెలు తోముకుంటారు.

రెండేళ్లకి మళ్లీ వెళ్లాను,
ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి.
ఎనెలెసీ అవ్వ ఎటు వెళ్లిందో ఎవరికీ తెలీదు.
హాల్లో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు,
పొగ మాత్రం గొట్టంలోంచే పోతోంది.
గోడ దగ్గరికి నడిచాను.
సున్నం తెల్లగా ఉంది,
కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో తప్ప.
అక్కడ నూనె రాసిన జుట్ల మరక,
ఒకదానిమీద ఒకటి పడి, పళ్లెమంత.
ఏటా సున్నం కొట్టేవాడు
దాని చుట్టూ కుంచె తిప్పి వదిలేస్తాడట.

అలవాటుగా టేపు తీశాను.
అరుగు మీంచి డెబ్భై రెండు సెంటీమీటర్లు.
ఎందులో రాసుకోవాలో తెలీక
అరచేతిలో రాసుకున్నాను.
బస్సెక్కేలోగా చెమటకి రెండు చెరిగి
డెబ్భై మిగిలింది.