మొదటి ఏడు బండి

కంచరపాలెం మెట్టు దగ్గర షెడ్డు.
పైడిరాజు ముందు మూడు బండ్లు, పేరు ఒకటే.

మొదటి ఏడుది నాది.
అనంతగిరి ఘాట్‌లో మంచు తాగితే
కార్బొరేటర్ తెల్లారేదాకా దగ్గేది.
ఆ ఏడు బండ్లన్నిటికీ మెడ కింద ఛాసిస్ చిట్లింది.
నా దానికి వెల్డింగు కుట్టు, వేలికి తగులుతుంది ఇప్పటికీ.

రెండోదానికి ఇంజెక్షన్ ఇచ్చారు, దగ్గు పోయింది.
మెడ కింద ఓ ముక్క ఇనుము కలిపారు,
ఎక్కడ విరుగుతుందో మా నడుములడిగి తెలుసుకుని.

మూడోది మొన్ననే దిగింది.
దాని రంగింకా ఉప్పుగాలి ఎరగదు.
కిక్కు లేదు. ఇసకలో చక్రం జారితే
తనే సర్దుకుంటుందట.
"కాలికి పనేటీ నేదు బాబూ"
పిక్క మీద పాత కిక్కు దెబ్బ గోక్కున్నాడు పైడిరాజు.

నా స్టాండు బోల్టు తిప్పబోతే
తుప్పు రాలి, సగంలో తెగింది.
"ఈ సైజు ఇప్పుడెక్కడ దొరుకుద్ది?"
గొణుక్కుంటూనే కొత్తదాని బోల్టు ఊడదీసి
పెట్టి చూశాడు.

పట్టింది.
ఇన్నేళ్లలో అదొక్కటీ మార్చడం మరిచినట్టున్నారు.

కొత్త బండి కుర్రాడు ఏమీ అనలేదు.
నా బండి మెడ కింద చెయ్యి పెట్టి
కుట్టు వెతుకుతున్నాడు.