చెమ్మ

షువేఖ్ గ్యారేజీలో ఆగస్టు మధ్యాహ్నం.
బానెట్ ఎత్తి గంగనర్సు
పంపు కింది సన్నని బెజ్జం తడిమాడు.
వేలికి తుప్పు రంగు చెమ్మ.

"ఏడుస్తున్నది సారూ.
ఏడ్చే పంపు నయం, చెప్పి పోతది."

నా జేబులో వారంటీ కాగితం:
ముసలి బండికి ఇంకో రెండేళ్ళ భరోసా,
నూట ఎనభై దీనార్లు, సంతకమొక్కటే తక్కువ.
చదివి వినిపించాను.
పంపు ఉంది.
బెల్టు లేదు, గాస్కెట్ లేదు,
కూలెంటుకు బదులు
మూడు వేసవులు నల్లా నీళ్ళు పోసిన
నా బద్ధకం అసలే లేదు.

పానా తుడుస్తూ అన్నాడు:
"ఆ పైసలకు ఏడు పంపులొస్తయి."

కాగితం విసనకర్రై అతని మెడకు గాలి విసిరింది.

రాత్రి సాల్మియా దారిలో
ముల్లు నడిమధ్యే నిలబడింది.
రోడ్డు కంటే దాన్నే చూస్తున్నాను,
జ్వరం దిగిన పిల్లాడి నుదురు
మళ్ళీ తాకి చూసినట్టు.