టేపు గుర్తు

మా ఇల్లు సినిమాకిచ్చాం.
రోజుకి ఆరు వేలు, కరెంటు వాళ్లదే.
మస్తాన్ కుదిర్చిన బేరం.
బ్రాడీపేటలో మా లైను మొత్తానికి
ఇంకా అపార్టుమెంటు కాని పెంకుటిల్లు
మాదొక్కటేనట.

కథేమిటని అడిగాను.
"మొగుడూ పెళ్లాం మాట్లాడుకోరండీ" అన్నాడు
అట్టముక్కతో విసురుకుంటున్న కుర్రాడు, ఫణీంద్ర.
"అంతేనా?"
"అంతేనండీ. రెండుంపావు గంటలు."

ఆయన పేపరు మడిచి
పక్క గదిలోకి వెళ్లారు.

వంటింట్లో లైట్లు పెట్టారు.
పదహారేళ్లుగా ఆ గూటి మీద పేరుకున్న మసిని
అంత వెలుగులో నేనెప్పుడూ చూళ్లేదు.
గుడ్డ తెచ్చి తుడవబోతే
వద్దండీ, అదే కావాలి మాకు, అన్నారు.

హీరో వేషం అబ్బాయి మర్యాదస్తుడు.
"సార్, మీకు కోపమొస్తే ఎలా కూచుంటారు?"
"నాకు కోపం రాదు బాబూ" అన్నారీయన.
నిజమే.
అదే కదా.

హీరోయిను నా పోపులడబ్బా దగ్గర నిలబడి
ఏడవాలి.
పదకొండుసార్లు ఏడ్చింది.
నీళ్లున్నాయి గానీ కోపం లేదు, మళ్లీ.
కోపముంది గానీ అలుపు లేదు, మళ్లీ.
గడప అవతల కూచుని
చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను నేను.
ఒక్క టేకులో చేసేదాన్ని.

చివరికి దండెం మీంచి
ఆయన చొక్కా తీసి ఆ పిల్ల చేతికిచ్చారు.
మిర్చియార్డు గుమాస్తా చొక్కా,
ఏ సబ్బుకీ లొంగని ఘాటు.
మొహానికి ఆనించుకుందో లేదో
తుమ్ములు, దగ్గు, ధారగా కన్నీళ్లు.
ఓకే ఓకే అంటూ అందరూ చప్పట్లు.

అప్పుడు చూశాను.
ఆయన గ్లాసుతో మజ్జిగ తెచ్చి
తలొంచుకుని ఆ అమ్మాయికిస్తున్నారు.
"ఉప్పేశానమ్మా, ఘాటుకి మంచిది."

కాపరానికొచ్చిన కొత్తలో
అదే చొక్కా ఘాటుకి నేను దగ్గితే
అచ్చం అలాగే. ఆ గ్లాసే.
ఎప్పుడాగిందో ఆ మజ్జిగ,
ఎంత వెతికినా తారీఖు దొరకదు.
గుర్తుండేట్టు
ఒక్క గొడవైనా పడలేదు మేము.

నాలుగోరోజు సర్దుకుపోయారు.
సామాన్లు సర్దుకుని, పోయారు.
ఆ మాటకున్న రెండో అర్థం
మా ఇంట్లో పాతదే.

గోడకి ఒక మేకు అదనం,
కుర్చీ ఒకటి కుంటిది,
వంటింటి గచ్చు మీద
తెల్లటేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.
మొగుడు వచ్చి అక్కడ ఆగాలట.
ఇంకొక్క అడుగేస్తే ఫోకస్ పోతుందట.
గుమ్మానికి మూడడుగులు, పొయ్యికి రెండు.

పీకేద్దామని కత్తి తెచ్చి
ఊరుకున్నాను.

రాత్రి మంచినీళ్లకొచ్చారు.
చూసుకోకుండా సరిగ్గా దానిమీదే నిలబడ్డారు.
"ఏంటిది, కాలికంటుకుంటోంది?"
ఆ వారంలో మొదటి వాక్యం.

నా దగ్గర డైలాగు లేదు.
"కదలకండి" అన్నాను.
ఎందుకో చెప్పలేదు,
ఆయనా అడగలేదు.

బయట సందులో ఎవరిదో బండి
కిక్కు మీద కిక్కు, స్టార్టు కావట్లేదు.
ఇద్దరం అదే వింటూ
నిలబడ్డాం.