మంచు పడవ

నా పేరు కవీసి. మంచు మోస్తాను.
తెల్లారకముందే పెద్ద ఒడ్డున దిమ్మలెక్కించి
మీద రంపపు పొట్టు కప్పి
మూడు గంటలు నలుబాలె మీద నడుపుతాను.
పటంలో ఈ సరస్సుకి ఒక రాణి పేరుందట.
మాకు మాత్రం నలుబాలె.

మంచు మనుషులకి కాదు,
చేపకి.
మనిషంత పెర్చ్ చేప
పొట్ట చీల్పించుకుని, మంచు కప్పుకుని
ముందు నా పడవెక్కుతుంది, తర్వాత లారీ, ఆ తర్వాత విమానం.
ఎవరో ఎరగనివాళ్ళ పళ్ళెంలో దిగేదాకా
దానికి చెమట పట్టదు.

నాకు పడుతుంది,
రాత్రి తొమ్మిదికి ఫోను మోగినప్పుడల్లా.

మాత్రల సీసా నోరున్న వస్తువు.
నడిస్తే గలగల, పడవెక్కితే గలగల.
ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని దీవి మాది.
ఆ చప్పుడు పోల్చుకోలేని చెవి ఇక్కడ లేదు.
అందుకే దాని గొంతులో దూది కుక్కాను.
నంబోజె తన మాత్రల్ని
ఎండు చేపల డబ్బా అడుగున దాచేది.
మింగినప్పుడల్లా నోరంతా నీచు.

చేప ఎటు పోతే మేమూ అటే.
చీటీ ఒక దీవిలో, మందు ఒక దీవిలో,
మనిషి మరో దీవిలో.
ఒక గాలివాన రాత్రి పడవ తిరగబడితే
మమ్మల్ని జుట్టు పట్టి లాగారు.
మూడు నెలల మాత్రలు నలుబాలె మింగింది.
దానికే జబ్బుందో పాపం.

అప్పుడే పెద్దాసుపత్రిలో పరిశోధన అన్నారు.
రెండు నెలలకోసారి రెండు సూదులు, చెరో పిరుదుకీ.
మధ్యలో అలారం లేదు, దూది లేదు.
మా దీవి నుంచి నంబోజె ఒక్కతే వెళ్ళగలిగింది.
దాటుకూలి ఉన్నది ఆమె దగ్గరే.
తిరుగు ప్రయాణంలో పక్కకి ఒరిగి కూచుని
"కూచుంటే నొప్పి, పడుకుంటే హాయి" అని నవ్వింది.
ఆ డబ్బా కడిగి ఉప్పు పోసుకుంది.

పరిశోధన అయిపోయింది.
ఉప్పు తీసేసి
మళ్ళీ మాత్రలు పోసుకుంది.

ఒకనాడు జిల్లా నుంచి అధికారి వచ్చాడు,
బూట్లు తడవకుండా ఎత్తుకుని దించాం.
మందు దేశంలోకి వచ్చిందన్నాడు, కొద్దిగానే,
ముందు పట్నానికన్నాడు.
"రెండు సూదుల్లో ఒకదాన్ని చల్లగా ఉంచాలి.
మీ దీవిలో చల్లదనం ఎక్కడుంది?"

"అయ్యా,
నేను నిలబడి వింటున్నది మంచు మీద."

చేపల కొట్టంలో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.
అధికారి కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.
నర్సు నబతాంజి నవ్వలేదు.
జేబులోంచి థర్మామీటరు తీసి
నా దిమ్మల మధ్య గుచ్చింది.

"ఇలా కుదరదు. గడ్డకడితే మందు పాడు.
రెండుకి దిగకూడదు, ఎనిమిది దాటకూడదు."
చేపకి లేని పట్టింపు!

పెట్టెలో పెట్టె పెట్టాం, నడుమ పాత దుప్పటి.
లోపల మందు లేదు, నీళ్ళ సీసా.
మొదటి రోజు ఒకటి.
రెండో రోజు పదకొండు, ఇంజను ఆగిపోయి ఎండలో తేలాం.
దుప్పటి మార్చాం. నా భార్య చీదరించుకుంటూనే
తన చలికోటు ఇచ్చింది.
అయిదు. ఆరు. అయిదు.
నబతాంజి అంకెలన్నీ గీతల పుస్తకంలో రాసి
జిల్లాకి పంపింది.
వానలు రెండుసార్లు వచ్చి పోయాయి, జవాబు రాలేదు.
మంచు కుదిరినా డబ్బు కుదరాలట,
వరసలో ముందెవరో ఉన్నారట.
ఆ వరస ఎక్కడ నిలబడిందో చెబితే
మా చేప వెళ్ళే విమానంలోనైనా వెళ్ళి నిలబడతాం.

చేపల షావుకారు నామీద గుర్రుగా ఉన్నాడు.
రోజూ ఒక దిమ్మ తక్కువ తెస్తున్నానని
కూలిలో కోస్తున్నాడు.
"ఆ మూల ఎందుకు ఖాళీ?" అంటాడు.

ఖాళీ కాదు.
అక్కడ చలికోటు చుట్టుకుని ఒక నీళ్ళ సీసా ఉంది.
ఇవాళ దిగేటప్పుడు చూశాను,
అయిదు.