నూటికి ఏడు

దస్తగిరి సైకిలు బారు మీద
గోలీసోడా సీసా ఒకటి పడుకొని ఉండేది.
సగానికి నీళ్లు, మూతికి మైనం,
రెండు పక్కలా పాత ట్యూబు ముక్కలతో కట్టు.
వెనక పెట్టెలో నాలుగు డజన్లు,
పైన కోవా అంగళ్లకు.
ఇదొక్కటి అమ్మేది కాదు.
"కొండను తూచే తక్కెడ" అనేవాడు.

కడప వెనకబడి, గువ్వలచెరువు ఘాటు మొదలయ్యే చోట
ముందు చక్రం లేస్తుంది.
నీళ్లు వెనక్కి జరిగి సీసా అడుగున ఎక్కుతాయి.
సైకిలు ఎంత వాలినా నీళ్లు వాలవు,
వాటికి ఒకటే మట్టం తెలుసు.
గాజు మీద ఆకురాయితో గీసిన గీతల్లో
ఏ గీతను తాకితే అంత ఎగువ.

నేనప్పుడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం.
కోణమానినికి దారం, దారానికి నట్టు,
హ్యాండిలుకు వేలాడదీసుకొని ఆయన వెంట తొక్కేదాన్ని.
నాలుగో మలుపులో లెక్క కట్టి చెప్పినా:
"నూటికి ఏడు, చిన్నాయనా."

"ఏడా!" అన్నాడు రొప్పుతానే.
"పొద్దుటూరు సేటే మూడు దాటడు గదమ్మే."

నూరడుగులు పోతే ఏడడుగులు లేస్తామని
విడమరిచి చెప్పినా. ఒప్పుకోలేదు.
"లేసేది మనం. వసూలు చేసేది అది.
మోకాళ్లల్లో రాసుకుంటాది."

తొక్కుతా తొక్కుతా సీసా చూడకూడదంట,
గతుకుల్లో నీళ్లు అబద్ధం చెప్తాయంట.
కాలు కింద పెట్టల్ల, బ్రేకు పట్టల్ల,
అవి నిమ్మళించేదాకా నిలబడల్ల.
నా నట్టు ఊగడం ఆగేది, నోటుబుక్కులో రాసుకునేదాన్ని.
ఆయన ఇంకా సీసా వంకే చూస్తా ఉండేవాడు.
లారీలు మొదటి గేరులో మూలుగుతా దాటిపోయేవి.
ఎండుగడ్డి వాసన, క్లచ్చు కాలిన వాసన.
"ఇంకా కుదురుకోలేదు పాపా" అనేవాడు,
నీళ్లు ఎప్పుడో కుదురుకున్నా.

ఇప్పుడు నాది రోడ్లు కొలిచే ఉద్యోగం.
మిషను ఉంది, సెకను పట్టదు.
పోయిన నెల ఆయన కోడలు మాబున్నీ
ఆ సీసా తెచ్చి చేతిలో పెట్టి
ఏమీ చెప్పకుండా పోయింది.

రాత్రి బల్ల మీద దాన్ని వాల్చి వాల్చి
ఏ గీత నూటికెంతో రాసుకుంటా పోయినా.
పైది పదకొండు.
కింద తొమ్మిది. ఏడు. నాలుగు.
మలుపుల పట్టీ అనుకున్నా.
భూతద్దం పెడితే గీతల పక్కన గోరంత అంకెలు:
ఎనభై ఆరు. తొంభై మూడు.
రెండువేలు దాటినాక గీత వణికింది.

సైకిలు దిగి నెట్టుకుపోయిన ఎగువలు అవి,
ఏ యేటికి ఆ యేడు.

కొండ అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అన్నిటికన్నా కింద ఇంకో గీత.
సీసాను వాల్చకుండా వదిలేసినా
నీళ్లు దాన్నే తాకుతాండాయి.
పక్కన అంకె లేదు.

బల్ల చదునుదే.
నీళ్లు నిలబడి చానా సేపైంది.
నేనింకా సీసా వంకే చూస్తాండా.